ఎర్ర గీత దాకా

అమ్మ పోయిన ఏడో వారంలో ఎదురింటి స్వాతి తన ఫ్లాటు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. వాళ్ళది హైదరాబాదు. భార్యాభర్తలిద్దరూ ఇక్కడే నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తారు. పది రోజులు ఊరెళ్తున్నారు. "మీకు ఇబ్బంది అయితే వద్దు ఆంటీ. రోజుకి ఒక్కసారి చేపలకి కొంచెం ఫుడ్ వేస్తే చాలు," అంది. ఎంత వెయ్యాలని అడిగాను. "చిటికెడు," అంది. ఎవరి చిటికెడు అని అడిగాను. నేను హాస్యమాడాననుకుని నవ్వింది. నేను నవ్వకపోవటం చూసి సర్దుకుని చెప్పింది. "రెండు నిమిషాల్లో అవి తినేసేంత ఆంటీ. నీళ్ళలో మిగిలిందంటే ఎక్కువ వేసినట్టు. ఇంకోటి, అవి ఎప్పుడు చూసినా ఆకలేసినట్టే మొహం పెడతాయి. అస్సలు నమ్మకండి."

ఆ తాళంచెవికి దారం కట్టి పెట్టుకుందామని అమ్మ డబ్బా తీశాను. అది పాత బిస్కెట్ల రేకు డబ్బా. అందులో ఆమె డ్యూటీ పేరుబిళ్ళ, యూనిఫాం మీద తలకిందులుగా వేలాడే గడియారం, పిన్నీసులు, నాలుగు రంగుల దారాలు ఉన్నాయి. అడుగున ఒక తెల్ల ప్లాస్టిక్ చెంచా ఉంది. పిల్లల మందు సీసాతో పాటు ఇచ్చే చెంచా అది. దాని గుంటలో, సగానికి కాస్త కింద, ఒక ఎర్ర గీత. గోళ్ళ రంగుతో గీసింది. అమ్మ తన గోళ్ళకి ఎప్పుడూ రంగు వేసుకోలేదు, డ్యూటీలో కుదరదు. కానీ సీసాల మీద, గిన్నెల మీద గుర్తులు పెట్టటానికి ఇంట్లో ఒక ఎర్ర సీసా ఉండేది. ఆ గీత దాకా మేత తీస్తే ఒక్క బంగారు చేపకి ఒక పూటకి సరిపోతుంది. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ కొలత నాకు గుర్తుంది. ఎందుకు గుర్తుందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో మేం ఢిల్లీలో, ఆర్.కె. పురంలో ఉండేవాళ్ళం. నాన్న ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టు. రెండో అంతస్తులో రెండు గదుల క్వార్టరు ఆయన పేరు మీద వచ్చింది. అమ్మ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. చుట్టుపక్కలవాళ్ళు ఆమెని సిస్టర్‌జీ అనేవారు, సూది వేయించుకోవటానికి గిన్నెలో ఏదో ఒకటి పట్టుకుని వచ్చేవారు. ఇంట్లో ఎప్పుడూ డెట్టాల్ వాసన, గంజి పెట్టిన యూనిఫాం వాసన. ఇస్త్రీ వేడికి ఆ గంజి నుంచి అన్నం వార్చినప్పటి వాసన వచ్చేది. నాకు పదేళ్ళు. నన్ను చూసుకోవటానికి చీరాల దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె నుంచి నాయనమ్మ వచ్చింది. ఆమె పేరు మరియమ్మ. ఒక్క హిందీ ముక్క రాదు. తెలుగు కూడా చదవటం, రాయటం రాదు. బైబిల్లో సగం మాత్రం నోటికి వచ్చు.

వచ్చిన కొత్తలో ఒకరోజు నాయనమ్మ కొత్తిమీర కొనటానికి కిందికి దిగింది. ఆర్.కె. పురంలో బ్లాకులన్నీ ఒకేలా ఉంటాయి, అదే పసుపు గోడ, అదే మెట్లు. ఆమె కొత్తిమీర కట్టతో పక్క బ్లాకు ఎక్కి, రెండో అంతస్తులో మా తలుపు లాంటి తలుపు ముందు కూర్చుంది. లోపలివాళ్ళు ఊళ్ళో లేరు. నేను తలుపు తియ్యలేదని నన్ను తిట్టుకుంటూ మూడు గంటలు అక్కడే ఉంది. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, బ్లాకు బ్లాకూ వెతికి, చేతిలో వాడిపోయిన కట్టతో ఉన్న ఆమెని పట్టుకొచ్చింది. మర్నాటి నుంచి ఆఖరున ఇంట్లోంచి వెళ్ళేవాళ్ళు బయట తాళం వేసి వెళ్ళటం మొదలైంది. "ఇది మీ మీద నమ్మకం లేక కాదత్తయ్యా," అంది అమ్మ. "కాదులే అమ్మాయ్," అంది నాయనమ్మ. "కోళ్ళని గంప కింద మూసేది మాత్రం నమ్మకం లేకనా?"

ఆ తాళం మీద అందరం నవ్వుకునేవాళ్ళం. తాళం పడే చప్పుడు విన్నాక మాత్రం నాయనమ్మ కూర్చునేది కాదు. ఆమె గదిలోంచి వంటింటికి, వంటింట్లోంచి గదికి తిరిగేది. వంటింటి కిటికీలోంచి ఎదురు బ్లాకు వెనకవైపు బాల్కనీలు కనపడేవి. అక్కడ బట్టలు ఆరేసే పంజాబీ ఆవిడని తెలుగులోనే పలకరించేది, "ఏందమ్మా, ఇయ్యాల దుప్పట్లు ఉతికినావా?" అని. ఆవిడ "హాఁ మాతాజీ" అనేది. అంతకుమించి ఆమెకి ఢిల్లీలో ఎవరూ లేరు. ఊళ్ళో ఉన్నప్పుడు గుడికొచ్చిన పాస్టరుగారి దగ్గర్నుంచి వలలు బాగుచేసే కూలీల దాకా ఎవరో ఒకరికి రోజూ ఆమె చేతి అన్నం ఉండేది. ఇక్కడ పెట్టటానికి నేనొక్కదాన్నే ఉన్నాను, నేను సరిగ్గా తినను.

చేపలు చలికాలంలో వచ్చాయి. అమ్మ వార్డులో రెండు నెలలున్న ఒక ముసలాయనకి చేపల దుకాణం ఉందట. ఇంటికి వెళ్ళాక, అమ్మ వద్దన్నా వినకుండా, రిక్షాలో అద్దం తొట్టి, గులకరాళ్ళు, గాలి బుడగల మోటారు, నాలుగు బంగారు చేపలు పంపించాడు. నాయనమ్మ తొట్టి చుట్టూ తిరిగి చూసింది.

"ఎప్పుడు వండుకుంటాం?"

"వండుకోవటానికి కాదమ్మా, చూట్టానికి," అన్నాడు నాన్న.

"చూట్టానికా!" అంది నాయనమ్మ. "మీ అయ్య బతికుంటే ఈ మాట చెప్పి నవ్విద్దును."

వారం తిరక్కుండా వాటికి పేర్లు పెట్టింది. మత్తయి, మార్కు, లూకా, యోహాను. సువార్తలు రాసిన నలుగురి పేర్లు అవి, వాళ్ళలో లూకా వైద్యుడట. ఏది ఎవరో నాకు, ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు. మార్కుకి తోక మీద తెల్ల మచ్చ. యోహాను అన్నిటికంటే చిన్నది, ఎప్పుడూ ఆఖరున తినేది. నాయనమ్మ తల మీద కొంగు కప్పుకుని, మా అన్నం ముందు చేసినట్టే చిన్న ప్రార్థన చేసి, అప్పుడు మేత వేసేది. చేపలు ఆమె నీడ కనపడగానే అద్దం దగ్గరికి వచ్చి నోళ్ళు తెరిచేవి. "చూడు గ్రేసీ, ఆమెన్ దాకా కూడా ఆగలేవు," అనేది.

అమ్మకి ఇంట్లో ఒకటే సూత్రం ఉండేది. రాయనిది చెయ్యనట్టే. వార్డులో మందు ఇచ్చి చార్టులో రాయకపోతే, తరవాతి షిఫ్టు సిస్టరు వచ్చి ఖాళీ గడి చూసి మళ్ళీ ఇస్తుంది. అందుకని రాశాకే పని అయినట్టు. ఆమె పనిచేసిన ముప్ఫై అయిదేళ్ళూ కొత్తగా వచ్చిన పిల్లలకి ముందు ఈ మాటే చెప్పేది. ఇంట్లో కూడా పాలవాడు, గ్యాసు, నా దగ్గు మందు, అన్నిటికీ గోడ మీద చార్టులు ఉండేవి. చేపలకీ ఒకటి వచ్చింది. పాత క్యాలెండరు వెనక స్కేలుతో గీసి, పొద్దున ఒక గడి, సాయంత్రం ఒక గడి పెట్టింది. పక్కన మేకుకి దారంతో ఎర్ర గీత చెంచా. "ఎవరు వేసినా గీత దాకానే. వేశాక గడిలో గుర్తు పెట్టాలి. అత్తయ్యా, మీరు ఊరికే ఒక అడ్డగీత పెట్టినా చాలు."

నాయనమ్మ పెన్సిలు అందుకోలేదు. "అన్నం పెట్టి గీతలు గీస్తారా ఎవురైనా? పెట్టింది లెక్కేస్తే ఒంటికి పట్టదమ్మాయ్."

ఇది ఆమె ఒక్కదాని మాట కాదు. మా వైపు వడ్డించేవాళ్ళు లెక్కపెట్టకూడదు. తినేవాడు చాలు అన్న మొదటిసారి అది మర్యాద. రెండోసారి మొహమాటం. మూడోసారి విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే అప్పుడు ఆగాలి. చేపలు చెయ్యి అడ్డం పెట్టవు. చేపకి కడుపు నిండిందని తెలియదని, వేసినంతా తింటుందని, తినలేనిది గులకరాళ్ళ మధ్య కుళ్ళి నీళ్ళని విషం చేస్తుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చేపల దుకాణం ముసలాయన చెప్పే ఉంటాడు, రిక్షావాడి దాకా ఆ మాట వచ్చి ఆగిపోయి ఉంటుంది.

అయినా మొదట్లో చేపలు బాగున్నాయి. అందుకు కారణం నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. అవి శ్రమల దినాలు. ఈస్టరు ముందు ఆ నలభై రోజుల్లో నాయనమ్మ శుక్రవారాలు సాయంత్రం దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. తను తినని రోజు చేపలకీ పెట్టేది కాదు, అమ్మని పెట్టనిచ్చేది కాదు. "సువార్తికుల పేర్లు పెట్టుకుని శుక్రవారం తింటాయా?" అని గదమాయించేది. అమ్మ నవ్వి చార్టులో శుక్రవారం గడులు కొట్టేసేది. శనివారం పొద్దున తొట్టి చూస్తే అవతలి గోడ మీద క్యాలెండరు అంకెలు నీళ్ళలోంచి కనపడేవి. మోటారు మంచిదని నాన్న అనేవాడు.

ఈస్టరు అయిపోయింది. వెంటనే ఎండలు, బడికి సెలవులు. అమ్మకి ఆ నెల పొద్దుటి డ్యూటీ. ఆరింటికి వెళ్ళేది. నాన్న తొమ్మిదింటికి వెళ్తూ తాళం వేసేవాడు. మూడు దాటేదాకా నాయనమ్మా నేనూ లోపల. వేడిగాలి లోపలికి రాకుండా కిటికీలకి తడి గోనెపట్టాలు కట్టేవాళ్ళం, దాంతో ఎదురు బాల్కనీ కూడా కనపడకుండా పోయింది. కింద పిల్లలు ఆడుకునే గోల వినపడేది, ఎవరెవరో గొంతులని బట్టి పోల్చుకునేదాన్ని. ఉన్న పుస్తకాలన్నీ రెండుసార్లు చదివాను. ఆ గదిలో నేను కదిలిస్తే కదిలేవి చేపలు మాత్రమే. అద్దం మీద వేలు పెడితే నాలుగూ వచ్చేవి. ఊరికే వచ్చి వెళ్ళిపోతాయేమోనని కాస్త మేత వేసేదాన్ని. వేస్తే ఉండేవి. నాయనమ్మ మధ్యాహ్నం చాప మీద ఒత్తిగిల్లగానే ఒకసారి, లేచే ముందు ఇంకోసారి. నాకు చేపలకి పెట్టే అనుమతి లేదు, అందుకని నేనూ గుర్తు పెట్టలేదు.

అలా నాయనమ్మ పొద్దున ప్రార్థన చేసి పెట్టేది, రాసేది కాదు. నేను పెట్టేదాన్ని, రాసేదాన్ని కాదు. అమ్మ మూడింటికి అలిసిపోయి వచ్చి చార్టు చూసేది. ఖాళీ. "పాపం, పొద్దుట్నుంచీ ఏమీ లేదు," అని రెండు పూటలదీ కలిపి రెండు చెంచాలు వేసేది. వేసి, శుభ్రంగా గుర్తు పెట్టేది. నాయనమ్మ అప్పుడు వంటింట్లో అమ్మకి అన్నం వేడిచేస్తూ ఉండేది. మొత్తం ఇంట్లో ఆ చేపల విషయంలో సూత్రం తప్పనిది అమ్మ ఒక్కతే.

నీళ్ళు ముందు కలి నీళ్ళలా తెల్లబారాయి. నాన్న సగం నీళ్ళు మార్చాడు. రెండు రోజుల్లో మళ్ళీ అలాగే. మార్కు పైకి వచ్చి నీటి అంచున నోరు తెరుస్తూ ఉండిపోయింది. ఆకలి అనుకున్నాను. ఇంకొంచెం వేశాను. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి రెండు గంటలు రాలేదు. బుడగలు ఆగాయి. అమ్మ తాళం తీసి లోపలికి వచ్చేటప్పటికి మార్కు, మత్తయి, లూకా వెల్లకిలా తేలుతున్నాయి. ఇల్లంతా వాసన. నాయనమ్మ తొట్టి పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

అమ్మ సంచి కూడా దించలేదు. చెయ్యి పెట్టి గులకరాళ్ళు కదిపింది. అడుగు నుంచి ఉబ్బిన మేత పొగలా లేచింది. ఆమె మొహంలో కోపం రాలేదు, వార్డులో తప్పు జరిగినప్పటి మొహం వచ్చింది. ఆ మొహం నాకు అదివరకు తెలియదు.

"ఎవరు వేశారు?"

అమ్మ నా వైపు తిరిగింది. "గ్రేసీ?"

"నాయనమ్మ పొద్దున వేసింది," అన్నాను.

అది అబద్ధం కాదు. నాయనమ్మ నన్ను చూసింది. ఆమె మధ్యాహ్నాలు నిజంగా నిద్రపోయేది కాదని, ఒత్తిగిలి పడుకుని నేను చేసేదంతా చూసేదని ఆ చూపుతో నాకు తెలిసింది.

"వేశానమ్మాయ్," అంది. "ఎన్నిసార్లో నాకేం గుర్తు?"

"మరి చార్టు ఎందుకు పెట్టానత్తయ్యా? ఖాళీగా ఉందని నేనూ వేశాను గదా! ఇదే వార్డులో అయితే?" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "మనుషులైతే?"

నాయనమ్మ తొట్టి వైపు తిరిగి, "ఆకలితో అయితే పోలా," అంది. అమ్మ మేత డబ్బా తీసి బీరువా మీద, నాయనమ్మకి అందని చోట పెట్టింది. సాయంత్రం నాన్న వచ్చి విషయం విని, వాతావరణం తేలిక చేద్దామని, "అయితే వైద్యుడు లూకా కూడా పోయాడన్నమాట," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఆ తరవాత నాయనమ్మ తొట్టి దగ్గరికి వెళ్ళలేదు. వంటింట్లో కూడా నా కంచంలో ఒకసారి వడ్డించి ఊరుకునేది. చాలు అంటే ఆపేసేది. మొదటిసారికే ఆపేసేది. అదొక్కటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎలాగైనా అమ్మకి నిజం చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. మూడు గంటలకి తాళం తీసే చప్పుడు కాగానే చెప్పకుండా ఉండటానికి ఏదో ఒక కారణం దొరికేది. అమ్మ అలిసిపోయింది, నాన్న ఉన్నాడు, రేపు ఆదివారం. నాయనమ్మ ఇద్దరం ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆ మాట ఎత్తలేదు. ఆమె తిడితే బాగుండేది. వానలు మొదలయ్యాక నాన్నతో, "నన్ను ఒంగోలులో మీ చెల్లెలింట్లో దించిరా నాయనా," అంది. "ఎందుకమ్మా?" అంటే, "ఈడ నాకు పనేముంది?" అంది.

స్టేషనుకి నన్నూ తీసుకెళ్ళారు. రైలు కిటికీ కమ్మీల్లోంచి నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను చెప్పబోతున్నానని ఆమెకి తెలిసే ఉంటుంది, నాకంటే ముందు ఆమే మాట్లాడింది. "యోహానుకి శుక్రవారం పెట్టబాకండి. మీ అమ్మతో చెప్పు." అంతే. మరుసటి ఏడాది ఒంగోలులోనే పోయింది. పరీక్షలని నన్ను తీసుకెళ్ళలేదు.

నేను అమ్మకి ఆ మాట చెప్పాను. అమ్మ కారణం అడగలేదు. చార్టులో శుక్రవారం గడులన్నీ కొట్టేసింది, చెంచా మీద పాత గీత గీకేసి సగానికి కిందికి కొత్త గీత పెట్టింది. యోహాను ఏడేళ్ళు బతికింది. నేను డిగ్రీలో చేరేదాకా ఆ తొట్టిలో ఒక్కటే తిరిగింది. నేను దాని వైపు ఎక్కువ చూసేదాన్ని కాదు.

ఇంతవరకు రాసింది ఎప్పుడో రాయవలసింది. ఇప్పుడు రాయటానికి కారణం వేరే ఉంది.

అమ్మకి పక్షవాతం వచ్చాక పద్నాలుగు నెలలు మంచం మీద ఉంది, ఈ పన్నెండో అంతస్తు ఫ్లాటులో, నా దగ్గర. నేను ఇంట్లో కూర్చుని చేసే ఎడిటింగు పని కాబట్టి ఇద్దరం బయటికి వెళ్ళలేదు. మా తలుపుకి తాళం లేదు. అయినా నేను ఆ తలుపు దాటి లిఫ్టు దాకా వెళ్ళిన రోజులు లెక్కపెట్టవచ్చు. మింగలేదు కాబట్టి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు. మూడు గంటలకోసారి రెండువందల మిల్లీలీటర్లు, జావో పాలో పప్పునీళ్ళో, పెద్ద సిరంజితో. పెట్టే ముందు సిరంజితో వెనక్కి లాగి లోపల ఎంత మిగిలిందో చూడాలి. ఆ సంగతి అమ్మ వందమంది పిల్లలకి నేర్పి ఉంటుంది. ఫ్రిజ్ మీద చార్టు నేనే గీశాను. మాట పోయింది కానీ అమ్మ కళ్ళు ఆ చార్టు వైపు వెళ్ళేవి.

పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా మీనా ఉండేది. ఘాజియాబాద్ నుంచి వచ్చేది. యాభై ఏళ్ళుంటాయి. ఏజెన్సీ పంపిన మనిషి. నేను అమ్మతో అనటం విని విని నీళ్ళు, నొప్పి, చాలు, బంగారం అనే మాటలు నేర్చుకుంది. "అమ్మా, కొంచెం కొంచెం, బస్," అంటూ పెట్టేది. తనకి రాయటం అలవాటు లేదు. పెట్టి, చెయ్యి తుడుచుకుని, తరవాత ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు గడిలో గుర్తు పెట్టేది. నేను రెండుమూడుసార్లు విసుక్కున్నాను, అమ్మ గొంతుతోనే.

ఆ రోజు పన్నెండింటికి మీనా జావ పెట్టింది. ఇంతలో వాన మొదలైతే టెర్రస్ మీద దుప్పట్లు తియ్యటానికి పరిగెత్తింది. నేను ఫోను మీటింగు ముగించి వచ్చి చార్టు చూశాను. ఖాళీ. జావ వెచ్చచేసి సిరంజి తీసుకున్నాను. వెనక్కి లాగి చూడలేదు. సగం పోసేసరికి అమ్మ ఎడమ చెయ్యి దుప్పటి మీద నుంచి లేచింది, అరచెయ్యి నా వైపు. "కొద్దిగానే ఉందమ్మా," అన్నాను. మిగతాది కూడా పోశాను.

అరగంటకి వాంతి, దగ్గు. వాంతైన జావ చూశాకే మీనా అప్పటికే పెట్టిందని తెలిసింది. మర్నాటికి జ్వరం. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉండి అమ్మ పోయింది. జావ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందన్నారు. ఇలాంటి పేషెంట్లకి ఎప్పుడైనా జరగవచ్చు మేడం, మీరు బాగా చూసుకున్నారు, అన్నాడు డాక్టరు. జరగవచ్చు. ఆ మాట నిజమేనని నేను చదివిన వాటిలోనూ ఉంది. వారం తరవాత ఏజెన్సీ నుంచి ఫోను వచ్చింది, అటెండెంటు పని మీద ఏమైనా ఫిర్యాదు ఉందా అని. "ఆ రోజు పెట్టింది చార్టులో రాయలేదు," అన్నాను.

అది కూడా అబద్ధం కాదు.

చెంచా దొరికిన మర్నాడు నేనే మీనాకి ఫోను చేశాను. గొడుగు ఇక్కడే మర్చిపోయిందని, వచ్చి తీసుకెళ్ళమని చెప్పాను. వచ్చింది. సోఫా మీద కూర్చోమంటే అలవాటుగా అమ్మ మంచం పక్క స్టూలు వైపు చూసింది. మంచం తీసేశాను, స్టూలు ఉంది. దాని మీదే కూర్చుంది. పని ఎక్కడ అని అడిగాను. "పని లేదు దీదీ. ఏజెన్సీవాళ్ళు పిలవట్లేదు. లాపర్‌వాహీ అని రాశారట నా పేరు మీద," అంది హిందీలో. నిర్లక్ష్యం అని. తలదించుకుని కొంగు చివర మెలిపెడుతోంది.

"మీనా, ఆ రోజు నువ్వు పెట్టాక నేను కూడా పెట్టాను," అన్నాను.

"పతా హై, దీదీ." తెలుసు అంది. "నేను దుప్పట్లు తెచ్చేసరికి సిరంజి తడిగా ఉంది. వెళ్ళే ముందే నేను దాన్ని కడిగి తుడిచి పెట్టాను."

"మరి వాళ్ళకి ఎందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పను? కూతురు ఎక్కువ పెట్టిందని చెప్పనా?" చిరాగ్గా అంది. మొదటిసారి నా మీద చిరాకు పడింది. "ఆకలితో మాడ్చిందని చెప్పాలంటే నోరు వస్తుంది. ఎక్కువ పెట్టిందని ఎవరితో చెప్పుకుంటారు దీదీ? రహనే దో, వదిలెయ్యండి."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. ఫ్రిజ్ మీద చార్టు ఇంకా అలాగే ఉంది. తియ్యటానికి చెయ్యి రాలేదు. ఆ తేదీ, పన్నెండింటి గడి ఖాళీ. అందులో రాశాను. పన్నెండుకి మీనా, రెండువందలు. పన్నెండున్నరకి నేను, రెండువందలు, ముందు లాగి చూడలేదు, అమ్మ చెయ్యెత్తి వద్దంది. కింద పేరు, ఈరోజు తేదీ వేశాను. ఫొటో తీసి ఏజెన్సీకి పంపి, మీనా ముందే సూపర్‌వైజరుకి ఫోను చేసి చదివాను. "ఇప్పుడు ఇది ఎందుకు మేడం? ఫైలు మూసేశాం," అన్నాడు. తెరవమన్నాను. "ఠీక్ హై, చూస్తాం," అన్నాడు. రోజూ పొద్దున పదింటికి ఫోను చేస్తున్నాను. ఇది రాసే రోజుకి నాలుగోసారి చేశాను. చూస్తున్నాం అనే అంటున్నారు.

మీనా టీ తాగింది. ఇంకో కప్పు పొయ్యబోతే కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టింది. నేను ఆగాను. వెళ్తూ గొడుగు మళ్ళీ మర్చిపోబోయింది, లిఫ్టు దగ్గరికి తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆ తరవాత ఎదురింటికి వెళ్ళాను. స్వాతి వాళ్ళ తొట్టి మాదానికి నాలుగింతలు పెద్దది. లోపల దీపం, మొక్కలు, పేర్లు లేని పదకొండు చేపలు. తలుపు తియ్యగానే అన్నీ అద్దం దగ్గరికి వచ్చి నోళ్ళు తెరిచాయి. డబ్బా పక్కన చెంచా పెట్టి ఉంది, మొదటి రోజే తెచ్చి పెట్టాను. తొట్టి గోడకి నేను అంటించిన కాగితం మీద పది గడులు ఉన్నాయి. ఆ రోజు శుక్రవారం. కాసేపు నిలబడ్డాను. అవి వెళ్ళలేదు. పెన్ను తీసి గడిలో "పెట్టలేదు" అని రాసి, పేరు రాసి, దీపం ఆర్పి, తాళం వేసి వచ్చాను.